ఇస్త్రీ దుకాణం దగ్గర ఆగిన కథ

ఆమెను అందరూ రేడియో అంటారు. చిన్నవాళ్ళు రేడియోఅక్క అంటారు, కటింగ్ మాస్టరు మర్యాదగా రేడియోగారూ అంటాడు, అత్తగారికి విసుగొస్తే "ఆ రేడియో కాసేపు కట్టేయవే తల్లీ" అంటుంది. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎక్కడా వినపడదు. మనిషి చూస్తే సన్నగా, పొట్టిగా ఉంటుంది. ఆ గొంతు ఆ ఒంట్లో ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలీదు. వీధి ఈ చివర నిలబడి ఎవర్నో కేకేస్తే, ఆ చివర పాలవాడు తననే అనుకుని బ్రేకు వేస్తాడు.

ఆమె పని చేసేది చొక్కాలు కుట్టే కార్ఖానాలో. మిషన్లన్నీ కింద హాల్లో రొద పెడుతుంటాయి. మేడ మీద చేతిపని గది ఉంది. అక్కడ కాజాలు తీస్తారు, గుండీలు కుడతారు, మిగిలిపోయిన దారప్పోగులు కత్తిరిస్తారు. గది మధ్యలో పొడవాటి బల్ల, దానికి రెండు వైపులా బెంచీలు, బెంచీల మీద ఆడవాళ్ళు, ఒళ్ళో చొక్కాలు. ఒకప్పుడు గోడ మీద ఒక రేడియో కూడా ఉండేది. అది ఒకరోజు గురక పెట్టి చచ్చిపోయింది. బాగు చేయించమంటే, "పాటలు వింటూ గుండీలు వంకరగా కుడుతున్నారు, పీడా వదిలింది" అన్నాడు ఓనరు.

అంతే, గది పాడుపడినట్టయింది. భోజనాలయ్యాక అందరికీ కళ్ళు మూతలు పడేవి, సూది వేలికి దిగేదాకా మెలకువ వచ్చేది కాదు. అలాంటి ఒక మధ్యాహ్నం ఈమె దారపు ఉండలు చుట్టి తెచ్చిన పాత పేపరు ముక్క చేతిలోకి తీసుకుని, పైకి చదవడం మొదలుపెట్టింది. ఏదో దొంగతనం సంగతి. నిద్రమొహాలన్నీ లేచాయి. కానీ చదువుతూ గుండీలు కుట్టడం ఎవరి తరం? చేతులు రెండే కదా! అప్పుడు కాజాల పిన్ని, అంటే ఆ గదిలో అందరికన్నా పెద్దది, ఒక మాటంది. "నువ్వు చదువమ్మాయ్. నీ చొక్కాలు మేం తలా ఒకటి పంచుకుంటాం."

ఆ రోజు నుంచి అదే పద్ధతి. ఆమె వంతు చొక్కాలు బల్ల మీద పెడితే, తలా ఒకటి లాక్కుని కుట్టేస్తారు. వాటిని కథ చొక్కాలు అంటారు. ఓనరుకు ఒక్క గుండీ కూడా తగ్గదు. ఈ పద్ధతి ఎక్కడా రాసి లేదు, ఎవరూ తప్పలేదు. జ్వరంతో వచ్చిన మనిషి కూడా తన కథ చొక్కా కుట్టి మరీ ఇంటికి పోయేది. కటింగ్ మాస్టరుకైతే సరిగ్గా ఆ వేళకే మేడ మీద ఏదో పని తగిలేది. మెడలో టేపు వేసుకుని వచ్చి, దేన్నీ కొలవకుండా కిటికీ దగ్గర నిలబడేవాడు. కథలంటే అందరూ చెవి కోసుకునేవాళ్ళే, ఆయనొక్కడే ఒప్పుకోడు.

ఇంతకీ ఆమెకు ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందంటే, పుట్టింట్లో. వాళ్ళ నాన్నది చిత్తుకాగితాల కొట్టు. ఆయనకు చదువు రాదు, కాగితం ఆయనకు బరువు మాత్రమే. కూతురు బడిలో నాలుగక్షరాలు నేర్చుకుని వచ్చి, ఆ కట్టల మధ్య కూర్చుని దొరికిందల్లా చదివేది. అట్టలూడిన నవలలు, చివరి పేజీలు చిరిగినవి, మొదటి పేజీలు ఎలకలు తిన్నవి. రాకుమారిని రాక్షసుడు ఎత్తుకుపోయేవాడు, అక్కడితో సరి! ఆ పిల్ల కాళ్ళు నేలకేసి కొట్టుకుని ఏడ్చేది. "చివర లేని కథ ఎవరికీ చెప్పను" అని అప్పుడే ఒట్టు పెట్టుకుంది. పెద్దయ్యాక ఊరి లైబ్రరీలో చేరి, ఒకదాని తర్వాత ఒకటి నవలలు తెచ్చి, ఆ మేడ గదిలో చివరి అక్షరం దాకా చదివింది. ఒక్క కథా మధ్యలో వదల్లేదు.

ఆ పుస్తకం దాకా.

అందులో ఒక కోడలుంటుంది. మొగుడు కొట్టేవాడూ కాదు, తాగేవాడూ కాదు. పెళ్ళాం ఉందన్న సంగతి గుర్తులేనివాడు, అంతే. ఒకరోజు కోడలు పెట్టె సర్దుకుని గుమ్మం దాటుతుంది. వెనక నుంచి అత్తగారు "ఆగవే" అంటుంది. తిట్టడానికనుకుంటాం. కాదు! ఆవిడ కూడా తన పెట్టె తెచ్చుకుంటుంది. ఇద్దరూ కలిసి వెళ్ళిపోయి, బస్టాండు వెనకాల ఒక ఇస్త్రీ దుకాణం పెడతారు. ఆ ఘట్టం చదివిన రోజున మేడ గదిలో గోల గోల. నవ్వులు అని ఒకమ్మాయి ఉంది, ఊరికే నవ్వుతుంది కాబట్టి ఆ పేరు. ఆ రోజు నవ్వలేదు, కళ్ళు తుడుచుకుంది. రేడియో ఇంటికెళ్ళి అత్తగారికి చెబితే, ఆవిడ చేతిలో పని ఆపేసి, "ఏదీ, ఆ పెట్టె సర్దుకున్న ముక్క మళ్ళీ చెప్పు" అని మళ్ళీ చెప్పించుకుంది.

నవ్వులు కూడా ఇంటికెళ్ళి వాళ్ళత్తకు చెప్పింది. అత్తాకోడళ్ళు వంటింట్లో ఒకటే నవ్వులు. మొగుడు లోపలికి రాగానే ఇద్దరూ ఆపేశారు. ఆయనకు సైకిల్ షాపుంది. మంచివాడే, కానీ గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం. నా మీదే నవ్వుతున్నారు అనుకున్నాడు. (నిజమే అనుకోండి.) మర్నాడు పొద్దున్నే వెళ్ళి, ఈ పుస్తకం ఇళ్ళు కూలుస్తుంది, లైబ్రరీలోంచి తీసెయ్యండి అని కమిటీకి అర్జీ పెట్టాడు. చదివాడా అంటే, ఎక్కడ! అట్ట కూడా చూడలేదు.

లైబ్రరీ కమిటీకి ప్రెసిడెంటు ఎవరో కాదు, రేడియోకు స్వయానా బావగారు, మొగుడి అన్నయ్య. ఒకే ఇల్లు, ముందు వాటా ఆయనది, వెనక వాటా వీళ్ళది, తల్లి ఇద్దరి మధ్యా తిరుగుతుంటుంది. తూనికలు కొలతల ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. రూలు తప్పడు, ఇస్త్రీ మడత నలగదు. విచారణ అయ్యేదాకా పుస్తకం ఎవరి దగ్గరా ఉండకూడదని ఆర్డరు వేశాడు.

పాపం లైబ్రేరియన్ భయస్తుడు. చెమటలు కక్కుతూ మేడ మెట్లెక్కి వచ్చి, "అమ్మా, ఆ పుస్తకం..." అని నీళ్ళు నమిలాడు. అప్పటికి ఆమె ఒక అధ్యాయం చివరికొచ్చింది. ఆ ఇస్త్రీ దుకాణానికి ఒకాయన నలిగిన చొక్కాల మూట తెచ్చి బల్ల మీద పెట్టాడు. తలెత్తి చూశాడు. ఎదురుగా వాళ్ళమ్మ, పక్కన పెళ్ళాం. అక్కడికి అధ్యాయం అయిపోయింది. ఆమె పేజీ తిప్పబోతుంటే లైబ్రేరియన్ పుస్తకం తీసుకుని చంకలో పెట్టుకున్నాడు.

"ఒక్క పేజీ! ఒక్క పేజీ చదివి ఇస్తుంది బాబూ!" అని కాజాల పిన్ని అరిచింది.

"నా ఉద్యోగం పోతుందండీ" అంటూ ఆయన మెట్లు దిగిపోయాడు.

ఆ తర్వాత జరిగిందే విచిత్రం. పుస్తకం పోయింది గానీ కథ పోతుందా? చొక్కాలు బల్ల మీద ఉన్నాయి, మొగుడు ఎదురుగా ఉన్నాడు, ఇక ఊరుకుంటారా ఆడవాళ్ళు! గుండీలు కుడుతూ తలా ఒక కొస కట్టారు. కాలుతున్న ఇస్త్రీపెట్టె వీపున పెట్టి ఉంటుందని ఒకరు, ఊరందరి బట్టలూ వాడిచేతే ఉతికించి ఉంటుందని ఒకరు, అత్తగారు లారీ నేర్చుకుని కోడల్ని ఎక్కించుకుని పోయిందని ఇంకొకరు. కోడలు ఒక కటింగ్ మాస్టర్ని పెళ్ళి చేసుకుందని నవ్వులు అనగానే కిటికీ దగ్గర మాస్టరు మొహం కందిపోయింది, గది పగిలిపోయేలా నవ్వారు. వాళ్ళలో ఎవరి నోట్లో నువ్వుగింజ నానుతుంది? ఈ మాటలు ఇళ్ళకెళ్ళాయి, టీ కొట్టుకెళ్ళాయి, చిలవలు పలవలయ్యాయి. ఊళ్ళో మొగుళ్ళందరికీ వీపులు మండాయి. కమిటీకి అర్జీల మీద అర్జీలు.

బావగారు ఒక సాయంత్రం తమ్ముడి వాటాకు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"చూడమ్మా, ఆదివారం విచారణ. పుస్తకం తప్పని తేలితే తీసేస్తాం. మీ ఓనరు కూడా నాకు కబురు పెట్టాడు. తప్పని తేలిందంటే, ఇక ఆ గదిలో ఏ పుస్తకమూ చదవడానికి వీల్లేదట. ముందే చెబుతున్నా, తర్వాత బావగారు చెప్పలేదనకు."

"మీరు చదివారా బావగారూ?"

"బురద అని తెలియడానికి అందులో దిగాలా?"

"దిగకుండా లోతెలా చెబుతారండీ?"

ఆయన మొహం మాడ్చుకున్నాడు. పక్క గదిలోంచి తల్లి కేకేసింది. "ఒరే, వాడు చొక్కాలిచ్చాడు కదా. ఆ తర్వాత ఏమైందో ఆ ఒక్క ముక్కా నాకు చెప్పి, నీ కమిటీ ఏదో నువ్వు చేసుకో!"

ఆయన లేచి వెళ్ళిపోయాక రేడియో వెనకే తలుపు వేసేసింది. మాట అనేసింది గానీ, భయమేసింది. ఏ పుస్తకమూ చదవడానికి వీల్లేదు! ఇన్నేళ్ళుగా ఆమె బతుకులో తనదంటూ ఉన్నది ఆ ఒక్క గంటే. ఇంట్లో కోడలు, బజార్లో బేరాలాడే మనిషి, మేడ గదిలో మాత్రం ఆమె గొంతు కోసం ఒక గదెడు మంది ఎదురుచూస్తారు. అది పోతే తను చేసేదల్లా గుండీలు కుట్టడమే. ఆ సంగతి మొగుడితో చెప్పి ఏడ్చింది. ఆయన నెమ్మదస్తుడు, అన్నగారి ముందు నోరు పెగలదు. "ఆదివారం నేనూ వస్తాలే" అన్నాడు. ఆయన ఆ మాట అనడమే ఎక్కువ.

ఆదివారం పొద్దున లైబ్రరీ హాల్లో కాలు పెట్టే చోటు లేదు. అర్జీలు పెట్టిన మొగుళ్ళంతా ఒకవైపు, చేతిపని గది మొత్తం ఒకవైపు. బావగారి తల్లి రేడియో చెయ్యి పట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. బల్ల మీద పుస్తకం, పుస్తకం వెనక కమిటీ.

లైబ్రరీకి ఒక పాత రూలుంది. ఏ పుస్తకం మీదైనా అభ్యంతరమొస్తే, ఆ అభ్యంతరకరమైన భాగాన్ని సభలో పైకి చదివాకే తీర్పు చెప్పాలి. బావగారికి రూలంటే రూలే. అర్జీలు వరసగా చదివాడు. ఇస్త్రీపెట్టె వాత. లారీ. కటింగ్ మాస్టరుతో పెళ్ళి. చదువుతుంటే మొగుళ్ళ వైపు నుంచి "అవునవును" అని సణుగుళ్ళు, ఆడవాళ్ళ వైపు చీర చెంగులు నోటికి అడ్డం.

"ఇవి ఏ పేజీలో ఉన్నాయి?" అని అడిగాడు బావగారు.

మొగుళ్ళంతా తేలుకుట్టిన దొంగల్లా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి సైకిల్ షాపాయన గొంతు సవరించుకుని, "పేజీ తెలీదండీ. మా ఆవిడ చెప్పింది" అన్నాడు.

లైబ్రేరియన్ పుస్తకం తీసుకుని తిరగేశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ తిరగేశాడు. "లారీ కనపడట్లేదండీ" అన్నాడు దీనంగా.

"నిప్పు లేనిదే పొగ రాదు. సరిగ్గా వెతకండి!" అని కసిరాడు బావగారు.

అప్పుడు రేడియో లేచింది. "అలా వెతికితే దొరకదు బావగారూ. దొంగని పట్టాలంటే ఇల్లంతా సోదా చెయ్యాలి కదా. ఆ చొక్కాల మూట దగ్గర్నుంచి నేను చదువుతాను. వాత వచ్చినప్పుడు మీరు ఆపండి."

కమిటీలో గుసగుసలయ్యాయి. రూలు ఆమె వైపే ఉంది. పుస్తకం ఆమె చేతికిచ్చారు.

ఆమె పేజీ తిప్పింది. కథలో కోడలి చేతిలో కాలుతున్న ఇస్త్రీపెట్టె ఉంది. మొగుళ్ళంతా ముందుకు వంగారు. కోడలు ఆ పెట్టెను పక్కన దాని దిమ్మ మీద పెట్టేసింది. తల్లి మూట విప్పి, చొక్కాలు ఒక్కొక్కటీ దులిపి, ఎవరికో చెప్పినట్టు, "పేరు చెప్పండి, చీటీ రాయాలి" అంది. ఆ పేరు పెట్టింది ఆవిడే. కొడుకు ఆ చొక్కాల వంక చూసి, "అమ్మా, ఇన్నాళ్ళూ ఇంట్లో నా చొక్కాలు ఎవరు ఇస్త్రీ చేసేవాళ్ళు?" అని అడిగాడు. తల్లి తలెత్తింది. "ఆ ముక్క అడగడానికి ఇంత దూరం రావాల్సొచ్చిందా నాయనా?" అంది.

ముందు వరసలో బావగారి తల్లి గట్టిగా నిట్టూర్చింది. బావగారు మడత నలగని తన చొక్కా చేతుల వంక ఒకసారి చూసుకుని, కళ్ళద్దాలు తీసి పట్టుకున్నాడు.

కమిటీ సెక్రటరీకి ఇదంతా నచ్చలేదు. "సరే సరే, ఇందులో వాత లేదని తేలింది. ఇక చాలు, ఆపెయ్యొచ్చు" అన్నాడు.

"ఎక్కడ ఆపేది?" సైకిల్ షాపాయన ఎప్పుడు లేచాడో లేచి నిలబడి ఉన్నాడు. "వాడికి చొక్కాలిచ్చారా లేదా? అది తేలకుండా ఎలా పోతామండీ?"

ముందు నవ్వులు నవ్వింది. తర్వాత హాలంతా నవ్వింది. పాపం ఆయన చెవులు ఎర్రబడ్డాయి, అయినా కూర్చోలేదు. "చదవండి రేడియోగారూ" అన్నాడు కటింగ్ మాస్టరు, ఈసారి అందరికీ వినపడేలా.

చదివింది. భోజనాల వేళ దాటిపోయింది, ఒక్కరూ కదల్లేదు. ఎవరో మంచినీళ్ళిస్తే తాగి మళ్ళీ చదివింది. కిటికీల దగ్గర దారినపోయేవాళ్ళు ఆగిపోయారు. చివరి వాక్యం దాకా, చివరి చుక్క దాకా చదివి పుస్తకం మూసింది. వాత లేదు, లారీ లేదు, పెళ్ళీ లేదు. కోడలు తిరిగి వెళ్ళలేదు, అత్తా వెళ్ళలేదు. కొడుకు మాత్రం వారం వారం వచ్చి, ఆ బల్ల దగ్గర కూర్చుని బట్టలు మడతపెట్టడం నేర్చుకున్నాడు. అంతే కథ.

"మరి ఈ అర్జీల్లో ఉన్నవన్నీ ఎక్కడివి?" బావగారు నిజంగానే అయోమయంలో పడ్డాడు.

కాజాల పిన్ని మెల్లగా లేచింది. "ఆ వాత నాది బాబూ. నేనే పెట్టాను."

"లారీ నాదండీ" అని వెనక నుంచి ఇంకొకామె.

"ఊరందరి బట్టలూ ఉతికించింది నేను."

"పెళ్ళి చేసింది నేనే" అంది నవ్వులు. మొగుడి వంక చూసి మరీ అంది.

ఒకరి తర్వాత ఒకరు లేస్తూనే ఉన్నారు. అర్జీల్లో లేనివి కూడా ఒప్పేసుకుంటున్నారు. చేతిపని గది మొత్తం నిలబడింది.

"పొగ పెట్టింది మేమే బావగారూ" అంది రేడియో. "పుస్తకం మా చేతిలో ఉంటే రాసింది చదువుకునేవాళ్ళం. మీరు లాక్కున్నారు, మేం కల్పించుకున్నాం. పుస్తకానికైతే బీరువా ఉంది, తాళం వేస్తారు. వీళ్ళందరి నోళ్ళకూ తాళాలు ఎక్కడ తెస్తారు?"

ఒక్క క్షణం ఆయనకు కోపం వస్తుందనే అందరూ అనుకున్నారు. కానీ ఎంతైనా తూకం మనిషి. తక్కెడ ఎటు వంగిందో కళ్ళారా చూశాక అబద్ధం చెప్పలేడు. లేచి నిలబడి, "అభ్యంతరాలు ఈ పుస్తకంలో ఏ పేజీలోనూ లేవు. అర్జీలన్నీ కొట్టేస్తున్నాం. పుస్తకం లైబ్రరీలో ఉంటుంది, ఎవరైనా తీసుకోవచ్చు, ఎక్కడైనా చదువుకోవచ్చు" అన్నాడు. ఆ చివరి మాట అనేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడిన ఓనరు వైపు చూశాడు. ఓనరు తలూపక ఏం చేస్తాడు!

అబ్బ, ఆ హాల్లో లేచిన గోల! కాజాల పిన్ని రేడియోను వాటేసుకుంది. రేడియో నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఎప్పుడూ నోరెత్తని ఆమె మొగుడు, అన్నగారి ఎదుటే, అరచేతులు మండేలా చప్పట్లు కొట్టాడు.

మర్నాడు సాయంత్రం పని అవగానే ఆమె లైబ్రరీకి వెళ్ళింది. మేడ గదిలో కథ మధ్యలో చేరినవాళ్ళు మొదటి నుంచీ మళ్ళీ చదవమన్నారు. లైబ్రేరియన్ నవ్వు మొహంతో, "పుస్తకం లేదమ్మా. పొద్దున తలుపు తీయకముందే వచ్చి పట్టుకెళ్ళారు. తర్వాత కూడా చాలామంది చెప్పిపెట్టారు, సైకిల్ షాపాయనతో సహా. మీ వంతు రావాలంటే ఆగాలి" అన్నాడు. ఎవరు పట్టుకెళ్ళారంటే చెప్పడు, ముసిముసి నవ్వులు.

ఆమె ఇంటికొచ్చేసరికి ముందు వాటాలోంచి అత్తగారి గొంతు వినపడింది. "ఏంట్రా ఆ గొణుగుడు? అది చదవడమా, ఆఫీసు కాగితమా? కోడలు ఎలా చదువుతుంది, నువ్వెలా చదువుతున్నావు!"

"ఉండమ్మా, ఇప్పుడేగా మొదలుపెట్టాను" అని బావగారు విసుక్కుని మళ్ళీ చదివాడు. చదువు కాదది, ఒక్కో మాటా తూచి పళ్ళెంలో వేస్తున్నాడు. ఆగాల్సిన చోట ఆగడు, ఆగకూడని చోట ఆగుతాడు.

రేడియో గుమ్మం బయటే ఆగిపోయింది. చెప్పులు కూడా విప్పకుండా మెట్టు మీద కూర్చుంది. నాన్నకు చదువు రాదు, బడిలో పంతులు ఈమెచేతే చదివించేవాడు, మేడ గదిలో చదివేది ఈమే. పుట్టి బుద్ధెరిగాక ఆమెకు ఒక్కరంటే ఒక్కరు ఒక్క పేజీ చదివి వినిపించలేదు. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఆమెకే ఎప్పుడూ తట్టలేదు. ప్రతి మాటా తెలిసిన కథే, అయినా కళ్ళు మూసుకుని వింది, మొదటిసారి వింటున్నట్టే ఉంది. కన్నీళ్ళు వస్తే తుడుచుకోలేదు.

కొంతసేపటికి లోపల గొంతు మరీ తగ్గిపోయింది. ఆమె ఇక ఉండబట్టలేక, వీధంతా వినపడే తన గొంతెత్తి కేకేసింది.

"బావగారూ! కాస్త గట్టిగా చదవండి. బయట ఉన్నవాళ్ళకు వినపడట్లేదు!"

లోపల చప్పుడు ఆగిపోయింది. కుర్చీ జరిగిన చప్పుడు, కిటికీ తలుపులు బార్లా తెరిచిన చప్పుడు వినిపించాయి. తర్వాత ఆయన గొంతు సవరించుకుని, మొదటి వాక్యం దగ్గర్నుంచి మళ్ళీ అందుకున్నాడు, ఈసారి వీధిలోకి వినపడేలా.